విరగడానికే చేసిన బొమ్మ

"నాకు విరిగిపోయే బొమ్మ కావాలండీ," అందామె.

బొమ్మల వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి అడగాల్సిన మాట కాదని ఆమెకీ తెలుసు. దారి పొడవునా మనసులో వరస పెట్టుకుంటూనే వచ్చింది. ముందు నమస్కారం పెట్టాలి, తర్వాత తానెవరో చెప్పాలి, ఆ తర్వాత మెల్లగా విషయంలోకి దిగాలి. తీరా లోపల అడుగుపెట్టేసరికి, చెక్క ఒంటె మూపురాన్ని సాండ్‌పేపర్‌తో నునుపు చేస్తున్న అతను "చెప్పండి" అంటూ తలెత్తి చూశాడు. ఆ ఒక్క చూపుకి వరసంతా తారుమారైపోయింది.

"విరగనివి కావాలంటే ఉన్నాయి," అన్నాడతను. "విరిగేవి బజార్లో బోలెడు దొరుకుతాయి."

"వాటిని నమ్మలేమండీ. ఒక్కోసారి విరగవు."

మూలన కూర్చుని బొమ్మలకి రంగులు వేస్తున్న అతని అక్క కిసుక్కున నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. పైగా, ఎవరో పనిగట్టుకుని తన పనిని వేళాకోళం చేయడానికి వచ్చినట్టు మొహం మాడ్చుకున్నాడు.

ఆ షాపు సంగతి తెలియక అడిగింది పాపం. ఫర్నిచర్ చేసేవాళ్ళు పనికిరావని పక్కన పడేసిన చెక్కముక్కల్ని అక్కాతమ్ముళ్ళిద్దరూ ఏరి తెచ్చుకుని బొమ్మలు చేస్తారు. కొత్త చెక్క కొనరు. అమ్మిన ప్రతి బొమ్మకీ ఒక పూచీ ఉంటుంది. ఎప్పుడు విరిగినా, ఎవరు విరగ్గొట్టినా, తీసుకొస్తే ఊరికే బాగుచేసి ఇస్తారు. ఒక పెద్ద షోరూము వాళ్ళు వచ్చి, ఈ బాగుచేసే గొడవ మానేస్తే ఎన్ని బొమ్మలు చేసినా కొనేస్తామని ఆశ పెట్టినా ఇద్దరూ వద్దన్నారు. పాత బొమ్మ పాడవకపోతే కొత్తది ఎవరు కొంటారన్నది షోరూము వాళ్ళ బాధ. పాత బొమ్మ బతికున్న ఇల్లే తమకి ఇంకో ఇంటి గిరాకీ తెస్తుందని వీళ్ళ ధీమా.

అదే సమయానికి ఒక చిన్నపిల్ల చక్రం ఊడిన బస్సు పట్టుకుని, తల్లి వెనక నక్కి నక్కి లోపలికి వచ్చింది. అతను నేల మీదే చతికిలబడి, బస్సు తీసుకుని చక్రం బిగించి, పిల్ల చేతిలో పెట్టాడు.

"మళ్ళీ విరిగినా తీసుకురా. తిట్టను, బాగుచేసిస్తా."

పిల్ల మొహం విప్పారింది. అది వాడికి ఊతపదమనీ, చిన్నపిల్లలు కనిపిస్తే చాలు నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుందనీ అక్క చెప్పింది. వచ్చినావిడ ఆ మాట విని ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది. అయితే ఆ సంగతి తెలిసేసరికి చాలా ఆలస్యమైపోయింది.

ఆమె ఒక స్టూలు లాక్కుని కూర్చుని, మొదటినుంచి చెప్పుకొచ్చింది. తను చిన్నపిల్లల మీద రీసెర్చ్ చేస్తోంది. నాలుగైదేళ్ళ పిల్లలకి తమ వల్ల ఏదో పాడైందనిపిస్తే ఏం చేస్తారు? ఎదురొచ్చి చెప్పేస్తారా, పక్కకి తప్పుకుని దాచేస్తారా? అది తేలితే, బళ్ళో తప్పు చేసిన పిల్లతో టీచరు ఎలా మాట్లాడాలో కాస్త తెలుస్తుంది. అందుకని ఒక ప్లేస్కూల్లో పిల్లల్ని ఒక్కొక్కరిగా గదిలోకి పిలుస్తారు. ఇది నాకెంతో ఇష్టమైన బొమ్మ, జాగ్రత్తగా ఆడుకో అని టీచరు ఒక బొమ్మ ఇచ్చి బయటికి వెళ్తుంది. ఆ బొమ్మ పిల్లల చేతిలో విరగాలి. అందరి చేతిలోనూ ఒకేలా విరగాలి.

"అంటే ఏమీ ఎరగని పిల్లని పట్టుకుని నువ్వే తప్పు చేశావని నమ్మిస్తారు," అన్నాడతను.

"కొద్దిసేపే. వెంటనే నిజం చెప్పేస్తాం. అమ్మానాన్నలకి ముందే చెప్పి ఒప్పించాం కూడా."

"కొద్దిసేపైనా పిల్ల గుండె గుభేలుమంటుందిగా."

"అంటుంది. మీ బొమ్మ విరిగినప్పుడు కూడా అంటుంది. ఆ పిల్ల ఇందాక ఎలా నక్కి వచ్చిందో మీరు చూశారా? మీరు చక్రం చూశారు. నేను పిల్లని చూశాను."

అతను చేతిలో ఒంటెను అటూ ఇటూ తిప్పాడు. చివరికి చేసిస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. నిజం చెప్పగానే బొమ్మను ఆ పిల్ల కళ్ళెదుట, ఆ పిల్ల చేతే అతికించాలి. అందుకు తనే వస్తాడు. బాగుచేయాలని తనకీ ఉందనీ, జిగురు కూడా కొన్నాననీ ఆమె సంచీలోంచి తీసి చూపించింది. దాంతో కాగితాలు అతుకుతాయిగానీ ఒంటెలు అతకవన్నాడతను. మొదటిసారి నవ్వాడు కూడా. ఆ నవ్వు బావుందని ఆమె ఒప్పుకోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

*

తాడు కట్టి లాగితే చక్రాల మీద నడిచే ఒంటె. నాలుగడుగులు వేయగానే మెడ ఊడి పడుతుంది. మెడని ఒంటికి కలిపే చెక్క మేకుని జిగురు లేకుండా వదులుగా దింపి, అతను ఈ మాయ చేశాడు. చేస్తున్నంతసేపూ చెయ్యి ఎదురు తిరుగుతూనే ఉందట. బిగించడం అలవాటైన చేత్తో వదులుగా దింపడానికి ఎన్నో ఒంటెలు పాడయ్యాయని అక్క ఫిర్యాదు చేసింది.

ప్లేస్కూల్లో ఆమెది ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కుర్చీ. ఎప్పుడు చూసినా రాస్తూ ఉంటుందని పిల్లలు 'రాసే అక్క' అని పేరు పెట్టారు. అతను వెనక గేటు నుంచి వచ్చి, సామాన్ల గదిలో కూర్చుని, ఆమె పిలిచినప్పుడు పెట్టె పట్టుకుని లోపలికి వెళ్ళేవాడు. ఆమె అతన్ని 'ఒంటెల మేస్త్రీ' అనేది. అతను ఆమెను పిల్లల్లాగే రాసే అక్కా అని పిలిచి ఏడిపించేవాడు.

మొదటి బ్యాచ్ పిల్లల్లో రకరకాలు. ఒకడు ఊడిన తలని కింద పెట్టి, దాని మీద బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. టీచరు వచ్చి ఒంటె తలేదిరా అంటే, ఊరెళ్ళిందన్నాడు. ఒక పిల్ల మెడని చేతిలోకి తీసుకుని, "నువ్వే పడ్డావు, నేను పడెయ్యలేదు" అని దానికే నచ్చచెప్పింది. కొందరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు, భుజం మాత్రం ఒంటె వైపు. నోరు తెరిచి చెప్పినవాళ్ళు తక్కువే. చివరికి నిజం తెలిశాక, తమ చేత్తో జిగురు పూసి ఒంటె మెడ నిలబెట్టాక, అందరూ గెంతుతూనే బయటికొచ్చారు.

ఇవన్నీ ఆమె చెప్తుంటే సామాన్ల గదిలో ఇద్దరూ నోళ్ళు నొక్కుకుని నవ్విన రోజులవి. సెషన్ అయ్యాక ఆమె అతనికి చెప్పేది: తప్పు చేశామనుకున్న పిల్లలు రెండు రకాలు, దూరం జరిగేవాళ్ళు, బాగుచేయబోయేవాళ్ళు. అతను శ్రద్ధగా వినేవాడు. ఆమె కళ్ళజోడు జారినప్పుడల్లా మాత్రం వినడం ఆగిపోయేది. మీరు అన్నది ఎప్పుడు నువ్వులోకి దిగిందో ఇద్దరికీ తెలియదు. అక్కకి తెలుసు, కానీ ఆవిడ రంగులు వేసుకుంటూ తెలియనట్టే ఊరుకుంది.

సెలవులొచ్చాయి, పోయాయి. వానలు పట్టుకున్నాయి. మామూలు వానలు కావు, ఆకాశానికి ఇంకో పని లేనట్టు కురిశాయి. రెండో బ్యాచ్ మొదలైంది.

ఆ రెండో బ్యాచ్ చూసి ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, టీచరు గుమ్మంలో కాలు పెట్టకముందే ఎదురు పరుగెత్తి, "మెడ ఊడిపోయింది" అని చెప్పేస్తున్నారు. కిటికీ వైపు తిరిగేవాళ్ళు లేరు, తల మీద కూర్చునేవాళ్ళు లేరు. ఆమె రీసెర్చ్‌కి గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ మేడమ్ ఫోన్లోనే సంబరపడింది. ఎవరినీ తొందరగా మెచ్చుకోని మనిషి, ఇది మంచి పని అమ్మాయ్ అనేసింది. వచ్చే వారం రివ్యూలో ఆవిడ సంతకం పెడితే థీసిస్ ముందుకు కదులుతుంది. టీచర్ ట్రైనింగ్ కాలేజీ వాళ్ళు ఆమెకి లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు, వచ్చే జూన్‌లోగా థీసిస్ ఇస్తేనే. ఎన్నో చోట్ల కాళ్ళరిగేలా తిరిగాక దొరికిన ఉద్యోగం అది.

ఈ కబురు ముందు అతనికే చెప్పాలనిపించింది. సామాన్ల గదికి పరుగెత్తి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. మొదటి బ్యాచ్‌కీ రెండో బ్యాచ్‌కీ ఎంత తేడానో చూడమంది. అతను ముందు నవ్వాడు, తర్వాత ఆ నవ్వు మెల్లగా మొహం మీంచి దిగిపోయింది.

"రెండో బ్యాచేనా?" అని అడిగాడు. "మొదటివాళ్ళలో లేదా?"

"లేదు. అదే కదా చెప్తున్నాను."

ఏదో అనబోయి ఆపేశాడు. పనుందని వెళ్ళిపోయాడు.

*

మర్నాడు వచ్చి స్కూల్లో కిర్రుమంటున్న తలుపు బాగుచేశాడు. ఆ తర్వాత రోజు ఆమె కూర్చునే కుర్చీ కాలు సరిచేశాడు. ఆమె గొడుగు పుల్ల వంగితే నిటారు చేశాడు, చెప్పు తెగితే కుట్టించి తెచ్చాడు, ఎవరూ అడక్కుండానే పిల్లల చెప్పుల స్టాండు మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. మాట మాత్రం తగ్గిపోయింది. ఆమె వైపు చూడడం మరీ తగ్గింది. చూడాల్సి వస్తే ఆమె చెవి దగ్గర ఎక్కడో చూసేవాడు.

ఆమె చదివిన చదువంతా ఇదే కదా. నాలుగేళ్ళ పిల్లాడు ఇలా చేస్తే ఠకీమని రాసేసేది: తప్పు జరిగింది, చెప్పలేక బాగుచేస్తున్నాడు. ఇంత పొడుగు మనిషి చేస్తుంటే మాత్రం ఆమెకి ఏమీ అంతుపట్టలేదు. ఏం చేశాడితను? ఎక్కడో సంబంధం కుదిరిందా? షాపు మూసేస్తున్నారా? అక్కను అడిగింది. వాడు రెండు రోజులుగా ఇంట్లో పనికొచ్చే ప్రతి వస్తువూ విప్పి కూర్చున్నాడనీ, అన్నం కూడా సరిగ్గా తినట్లేదనీ ఆవిడా వాపోయింది.

రివ్యూకి ముందు రోజు సాయంత్రం స్కూలు వరండాలో పట్టుకుంది. వాన జోరుగా ఉంది. పిల్లలు వెళ్ళిపోయారు.

"దేన్ని బాగుచేస్తున్నావు నువ్వు?" అంది.

అతను చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"వాన వల్ల వెనక పెరడంతా నీళ్ళు నిండిపోయింది. గుర్తుందా? అందుకని రెండో బ్యాచ్‌కి ఈ వరండాలోంచి వచ్చాను. పిల్లలు వరసగా ఇక్కడ కూర్చునుండేవాళ్ళు, లోపలికి పిలిచేదాకా."

"అయితే?"

"ఒంటెను చూసి చుట్టూ మూగేవాళ్ళు. నేను షాపులో అనేమాట అన్నాను. విరిగితే చెప్పండి, తిట్టను, బాగుచేసిస్తానని. రోజూ అన్నాను. అన్నట్టు నాకే తెలియదు. నువ్వు తేడా చెప్పినప్పుడు తెలిసింది."

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. రెండో బ్యాచ్ పిల్లలు నిజం చెప్పడానికి ముందే ఒకరు వాళ్ళ భయం తీసేశారు. అది ఆమె అడిగిన ప్రశ్నకి జవాబే కాదు. సగం పని గంగలో కలిసిపోయింది, దాంతోపాటు జూన్ కూడా.

పిల్లలతో ఏమీ మాట్లాడొద్దని టీచర్లకి చెప్పింది, ఆయాకి చెప్పింది, వాచ్‌మన్‌కి కూడా చెప్పింది. అతనికి చెప్పలేదు. వెనక గేటు నుంచి వచ్చేవాడికి ఎందుకులే అనుకుంది. పప్పులో కాలేసింది ఎవరో ఆలోచిస్తే, ఇద్దరి కాళ్ళూ కనిపిస్తున్నాయి.

"ఇది మనిద్దరికే తెలుసు కదా," అంది చివరికి, చాలా మెల్లగా.

అతను తలెత్తాడు.

"పిల్లలు చెప్పింది నిజమే కదా. నేనేమీ కల్పించి రాయలేదు. ఒక్క మాట వల్లే ఇదంతా జరిగిందని ఎవరు చెప్పగలరు?"

"నువ్వు చెప్పగలవు," అన్నాడు.

ఆ జవాబుకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అతను చెప్పేసి బరువు దించుకున్నాడనీ, ఇప్పుడా బరువు తెచ్చి తన నెత్తిన పెట్టాడనీ అంది. మూడు రోజులు తలుపులు బాగుచేసే బదులు ఆ రోజే చెప్పొచ్చు కదా అంది. ఉద్యోగం పోయేది తనకి గానీ అతనికి కాదు కదా అని కూడా అంది. అతను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తను ఎవరి దగ్గరా నోరెత్తననీ, ఏం చేయాలన్నది ఆమె ఇష్టమనీ మాత్రం అన్నాడు.

"అంటే నేను చేయబోయేది తప్పంటావు."

"నేనలా అనలేదు."

"నీ మొహం అంటోంది. ఇక నువ్వు రానక్కర్లేదు."

గొడుగు ఉండి కూడా వేసుకోకుండా వానలోకి దిగిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. తిరిగాక చూస్తే వరండా కనపడలేదు. ఆమెకి ఏడుపు అప్పుడొచ్చింది, అది ఉద్యోగం కోసమో అతని కోసమో ఆమెకే తేలలేదు.

*

పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్తే, మేడమ్ గది బయట బెంచీ మీద అతను కూర్చునున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తొలిరోజు బడికొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

ఆమెకి మండుకొచ్చింది.

"చెప్పడానికొచ్చావా?"

"కాదు."

"మరి?"

"లోపల నువ్వేం చెప్పినా, బయటికొచ్చేసరికి ఎవరో ఒకరు ఉండాలిగా. అందుకొచ్చాను."

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేడమ్ బల్ల మీద ఫైలు తెరిచే ఉంది, పక్కన పెన్ను మూత తీసే ఉంది. ఆవిడ మంచి హుషారుగా ఉంది. కాయితాలు తిప్పుతూ, రెండో బ్యాచ్ దగ్గర ఆగి, కళ్ళద్దాలు పైకి జరుపుకుంది.

"ఈ పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తోంది. ఒకే స్కూలు, ఒకే బొమ్మ. ఇంత తేడా ఎందుకొచ్చిందంటావు?"

జవాబు తయారుగానే ఉంది. దారిలో బస్సులో కూర్చుని తయారు చేసుకుంది. సెలవుల తర్వాత పిల్లలు కాస్త ఎదిగారు మేడమ్, అంటే చాలు. ఎవరైనా నమ్ముతారు. నోరు తెరిచింది.

అప్పుడు తన సంగతి తనకే కనిపించింది. చూపు కిటికీ మీద ఉంది. భుజం మాత్రం ఫైలు వైపు తిరిగుంది. చెయ్యి తనకి తెలియకుండానే వచ్చి ఆ కాయితాల మీద కూర్చుంది. ఇదంతా ఆమె అద్దం వెనక కూర్చుని ఎన్నిసార్లు రాసుకుందో లెక్కలేదు. గది బయట ఒక మనిషి ఏమీ అడక్కుండా కూర్చునున్నాడు. ఈ మాట నోట్లోంచి వచ్చేస్తే, ఆ మనిషి మొహం ఇక ఎప్పుడూ తిన్నగా చూడలేననిపించింది.

"ఆ పిల్లలకి ముందే ధైర్యం చెప్పారు మేడమ్," అంది. "విరిగితే తిట్టనని చెప్పారు. నాకు నిన్నే తెలిసింది. ఆ బ్యాచ్ పనికిరాదు."

మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. ఆ టిక్కుమన్న చప్పుడు ఆమె గుండెల్లో పడింది.

"ఎవరు చెప్పారు?"

"తప్పు నాదే మేడమ్. మాట్లాడొద్దని నేను అతనికి చెప్పలేదు."

ఆ అతను ఎవరని మేడమ్ అడిగింది, ఎక్కడున్నాడంది. బయటే ఉన్నాడని తెలిసి లోపలికి రమ్మంది. అతను వచ్చి నిలబడి, అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పాడు. మాట తనదేననీ, ఆమెకి సంబంధం లేదనీ అన్నాడు. కాదు, చెప్పకపోవడం నా పొరపాటని ఆమె అంది. మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తన సర్వీసులో ఈ గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ తప్పు పక్కవాళ్ళ మీదికి తోసినవాళ్ళేననీ, ఇలా పోటీ పడి లాక్కున్నవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాననీ అంది. దాంతో ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. తొందరపడ్డారు.

"మెచ్చుకుంటున్నానని సంతకం పెడతాననుకోకు. రెండో బ్యాచ్ తీసెయ్. వేరే స్కూల్లో మొదటినుంచి మళ్ళీ చెయ్. ముందే ధైర్యం చెప్తే పిల్లలు ఎలా ఉంటారన్నది మంచి ప్రశ్నే. అది వేరే స్టడీ. ముందు ఇది పూర్తి చెయ్. ఏడాది పడుతుంది."

"కాలేజీ వాళ్ళు..." అంది ఆమె.

"ఆగరు. నేనడిగినా ఆగరు," అంది మేడమ్, కాస్త మెత్తగా. తర్వాత అతని వైపు తిరిగింది. "ఇక నువ్వు. ఆ కొత్త స్కూలు ఉన్న వీధిలో కూడా నాకు కనపడకూడదు."

*

బయటికొచ్చాక ఆమె బెంచీ మీద కూర్చుని బాగా ఏడ్చింది. దాచుకోలేదు. అతను పక్కన కూర్చున్నాడు. ఈసారి బాగుచేయడానికి చేతిలో ఏమీ లేదు, ఉన్నా పనికొచ్చేది కాదు. వేళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"నా వల్లే పోయింది," అన్నాడు.

"సగం నీ వల్ల. సగం నా వల్ల. మొత్తం నువ్వే తీసుకోకు." ముక్కు తుడుచుకుంది. "నిన్న నేనన్న మాటలు..."

"అనాల్సినవే. మూడు రోజులు దాచాను. భయం వేసింది."

"దేనికి?"

"చెప్తే నువ్విక నా మొహం చూడవని."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అతని మొహం తిన్నగా చూసింది. కావాలనే కాస్త ఎక్కువసేపు చూసింది. అతని మొహం చెవుల దాకా ఎర్రబడింది.

"ఏడాది పాటు నిన్ను చూడకుండా ఉండాలా?" అన్నాడు నసుగుతూ. "ఆవిడ వీధిలోకి కూడా రావద్దందిగా."

"స్కూలు వీధిలోకి రావద్దంది. మా ఇంటి వీధిలోకి రావద్దని ఎవరన్నారు?"

అతను ఆ మాట అర్థం చేసుకోవడానికి పట్టిన సమయంలో ఇంకో మనిషైతే రెండుసార్లు పెళ్ళి చేసుకుని ఉండేవాడు.

"ఆదివారం అక్కను తీసుకుని రా," అంది ఆమె. "ఉద్యోగం పోయిన సంగతి నాన్నకి నేను చెప్తాను. ఆయన కోపం తగ్గాక నువ్వు మన సంగతి ఎత్తు. వరస మర్చిపోకు."

*

ఆమె నాన్న రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. టికెట్ లేనివాణ్ణి నడక చూసే పట్టేసేవాడని పేరు. ఆదివారం అక్కాతమ్ముళ్ళు వచ్చేసరికి ఆయన పడక్కుర్చీలో పేపరు మడిచి పెట్టి, అతన్ని పైనుంచి కిందికి చూశాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చి, ఇద్దరినీ కూర్చోమంది. కూతురు చేతిలో ఒక గ్లాసు పట్టుకుని, ఉద్యోగం సంగతి ఎత్తడానికి ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉంది.

"ఏం చేస్తుంటావు బాబూ?" అన్నాడు నాన్న.

"బొమ్మలు చేస్తానండీ. మీ అమ్మాయికి రావాల్సిన ఉద్యోగం నా వల్లే పోయింది. మీరు ఒప్పుకుంటే మీ అమ్మాయిని చేసుకుంటాను."

అక్క కళ్ళు మూసుకుంది. ఆమెకి చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచలేదు. అమ్మ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

నాన్న కేకలేస్తాడనుకున్నారందరూ. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, ఉద్యోగం ఎలా పోయిందో చెప్పమన్నాడు, కూతుర్నే చెప్పమన్నాడు. ఆమె మొదలుపెట్టింది. సంతకం పెట్టడానికి మేడమ్ పెన్ను తీసిన సంగతి, బస్సులో అబద్ధం తయారు చేసుకున్న సంగతి, అది నోటి దాకా వచ్చిన సంగతి, ఏదీ వదలకుండా చెప్పింది. అయ్యాక ఆయన అతని వైపు తిరిగి, ఊరికే బాగుచేసిపెడితే నీకేం మిగులుతుందయ్యా అన్నాడు. పెద్దగా మిగలదనీ, కానీ ఒకసారి వచ్చినవాళ్ళు పోరనీ, ముగ్గురు తినడానికి సరిపోతుందనీ అతను చెప్పాడు. ముగ్గురెవరని అడగబోయి, లెక్క తెలిసి ఆయన ఊరుకున్నాడు.

ఆయన మడిచిన పేపరు విప్పి, మళ్ళీ మడిచాడు.

"జూన్‌లో మా అమ్మాయి లెక్చరర్ అవుతుందని మా వాళ్ళందరికీ చెప్పేశాను," అన్నాడాయన చివరికి. "కనపడినవాడికల్లా చెప్పాను. మొన్న కూరలమ్మే అబ్బాయికి కూడా చెప్పాను."

ఆమె తల ఇంకా దించుకుంది. ఆ మాట అన్నిటికంటే గట్టిగా తగిలింది.

"ఇప్పుడు వాళ్ళడిగితే ఏం చెప్తావు నాన్నా?"

ఆయన కూతుర్ని చూశాడు. ఆమె ఇంకా గ్లాసు పట్టుకునే ఉంటే, అడక్కుండానే ఆ గ్లాసు అందుకుని పక్కన పెడుతున్న కుర్రాణ్ణి చూశాడు.

"ఉన్నదే చెప్తాను," అన్నాడు. "ఉద్యోగం రాలేదు, సంబంధం కుదిరింది అని చెప్తాను."